పొలం పక్క బీడును దున్నేసే ముందు

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకీ తెలియాలి కదా. మీది 12 ఎకరాల పొలం. పుచ్చ, గుమ్మడి, కొంత టమాటా వేస్తారు. ఒక పక్కన రెండెకరాల బీడు ఉంది. దాని నిండా పొదలు, గట్టి నేల, ఎండు మోళ్లు. దాన్నీ చదును చేసి సాగులోకి తెద్దామని ఇంట్లో అంటున్నారు. "పూత సమయానికి తేనెపెట్టెలు అద్దెకు తెచ్చుకుంటే సరిపోదా? ఆ బీడులో ఉండే అడవి ఈగల విలువ డబ్బులో ఎంత? ఎవరైనా నిజంగా లెక్క కట్టారా?" అని అడిగారు. అడవి ఈగలంటే ఇక్కడ ఇంట్లో ముసిరే ఈగలు కావు, ఎవరూ పెంచకుండా పూల మీద తిరిగే తేనెటీగల జాతివి, తుమ్మెదల్లాంటివి.

కట్టారు, చాలామందే కట్టారు. ఇరవై ఏళ్లకు పైగా పూల ముందు గొంతుక్కూర్చుని, ఏ పువ్వు మీద ఏ ఈగ ఎన్నిసార్లు వాలిందో రాసుకోవడమే నా పని. ఆ అనుభవంతో, వాళ్ల లెక్కల్లో మీ పొలానికి ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో చెబుతాను.

మీరు ఎక్కడ వెతికినా మొదట కనబడేవి పెద్ద అంకెలు. నికోలా గాలై బృందం 2005 నాటి పంటలను తీసుకుని, ప్రపంచంలో కీటకాల పరాగ సంపర్కం విలువ ఏడాదికి 15,300 కోట్ల యూరోలని 2009లో తేల్చింది. మనుషులు తినే పంటల మొత్తం విలువలో అది 9.5 శాతం. జీవవైవిధ్యం మీద పనిచేసే అంతర్జాతీయ వేదిక ఐపీబీఈఎస్ 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం, జంతువులు, కీటకాలు చేసే పరాగ సంపర్కం మీద నేరుగా ఆధారపడిన పంట విలువ ఏడాదికి 23,500 కోట్ల నుంచి 57,700 కోట్ల డాలర్లు. లెక్క కట్టే పద్ధతి తేలికే. పంట విలువ తీసుకుంటారు. కీటకాలు అసలే రాకపోతే దిగుబడి ఎంత శాతం పోతుందో ఆ శాతంతో గుణిస్తారు. పుచ్చకైతే దాదాపు మొత్తం పోతుంది. టమాటాకు పదో వంతు కూడా పోదు. వరికి, గోధుమకు, మొక్కజొన్నకు సున్నా.

ఈ అంకెలు అబద్ధం కాదు, కానీ మీ ప్రశ్నకు జవాబు కావు. ప్రపంచంలోని ఈగలన్నీ ఒకేసారి మాయమైతే ఎంత నష్టమన్నది ఆ లెక్క. మీరు అడిగింది రెండెకరాల బీడు పోతే ఏమవుతుందని. పైగా అందులో పెట్టెల్లో పెంచే తేనెటీగల వాటా ఎంతో, ఎవరూ పెంచని వాటి వాటా ఎంతో విడిగా ఉండదు. ఎవరైనా ఆ పెద్ద అంకె చూపించి మీ బీడును కాపాడుకోమంటే, ఉద్దేశం మంచిదే కానీ వాదన బలహీనం.

మీకు దగ్గరగా వచ్చే లెక్కలు వేరే ఉన్నాయి. 2013లో లూకాస్ గారిబాల్డి నాయకత్వంలో చాలా దేశాల శాస్త్రవేత్తలు కలిసి 41 పంట వ్యవస్థల్లో 600 పొలాల సమాచారాన్ని ఒకచోట చేర్చారు. అడవి కీటకాల రాక పెరిగిన ప్రతిచోటా పిందె పట్టడం పెరిగింది. తేనెటీగల రాక పెరిగితే పిందె స్పష్టంగా పెరిగింది మాత్రం 14 శాతం వ్యవస్థల్లోనే. అంతే రాకకు అడవి కీటకాల వల్ల వచ్చిన పెరుగుదల రెట్టింపు. తేనెటీగలు పనికిరావని దీని అర్థం కాదు. పెట్టెలు అడవి ఈగలకు తోడు నిలుస్తాయే తప్ప వాటి స్థానాన్ని పూర్తిగా భర్తీ చేయలేవని అర్థం.

2015లో డేవిడ్ క్లైన్ బృందం దాన్ని డబ్బులోకి మార్చింది. కీటకాల మీద ఆధారపడే పంటల్లో అడవి తేనెటీగల వాటా హెక్టారుకు సగటున 3,251 డాలర్లు, పెంపుడు తేనెటీగల వాటా 2,913 డాలర్లు. అంటే రెండూ దాదాపు సమానం. పెంపుడు వాటికి మీరు అద్దె కట్టాలి, అడవి వాటికి అక్కర్లేదు. ఇదే పరిశోధనలో ఇంకో మాట ఉంది, అది నన్ను చాలాకాలం కలతపెట్టింది. దాని దగ్గరికి తరవాత వస్తాను.

ఇప్పుడు మీ పుచ్చ సంగతి. ఆడ పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, మర్నాడు మళ్లీ విచ్చుకోదు. ఉన్న సమయమంతా ఆ కొన్ని గంటలే. లోపల చూడండి, పుప్పొడి పడాల్సిన కొస భాగం, అంటే కీలాగ్రం, మూడు భాగాలుగా ఉంటుంది. మూడింటి మీదా కలిపి సుమారు వెయ్యి పుప్పొడి రేణువులు పడితేనే కాయ గుండ్రంగా, నిండుగా పెరుగుతుంది. ఒక పక్కే పడితే ఆ పక్కే ఊరి, రెండో పక్క నొక్కుకుపోయిన వంకర కాయ వస్తుంది. బేరగాడు పక్కకు తోసేసే వంకర కాయను కోసి చూడండి, నొక్కుకుపోయిన వైపు గింజలు తెల్లగా, పొట్టుపొట్టుగా ఉంటాయి. వంకర కాయలకు నీళ్లు, ఎరువులు, తెగులు లాంటి కారణాలు వేరేవీ ఉంటాయి. గింజలు ఒకవైపే లేకపోతే మాత్రం నేను మొదట అనుమానించేది ఆ పొద్దున ఈగలు సరిగా రాలేదనే.

అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో 23 పుచ్చతోటల్లో రేచల్ విన్‌ఫ్రీ బృందం ఈ రేణువుల లెక్కే కట్టింది. 90 శాతానికి పైగా తోటల్లో తేనెటీగలు ఒక్కటీ రాకపోయినా స్థానిక అడవి ఈగలే పంటకు చాలినంత పుప్పొడి మోశాయని 2007లో తేలింది. చిన్న పొలాలు, మధ్యమధ్యలో చెట్లు, గట్లు ఉన్న ప్రాంతమది. కాలిఫోర్నియాలో ఇదే పంట మీద క్లేర్ క్రెమెన్ చేసిన పనిలో, సహజ ఆవాసానికి దూరంగా మందులు కొట్టే పెద్ద పొలాల్లో అడవి ఈగలు ఆ పనికి చాలలేదు. పంట ఒక్కటే. తేడా అంతా పొలం చుట్టూ ఏముందన్న దాంట్లో ఉంది.

గుమ్మడికి అమెరికా ఖండాల్లో దానికంటూ ఒక ఈగ ఉంది. సూర్యుడు రాకముందే పనిలో దిగుతుంది, తేనెటీగలు పెట్టెలోంచి బయటికొచ్చేసరికి దాని పని చాలావరకు అయిపోతుంది. మధ్యాహ్నం ముడుచుకున్న పువ్వును మెల్లగా విప్పితే లోపల మగ ఈగ ముడుచుకుని నిద్రపోతూ కనబడుతుంది. ఆడది అక్కడే తీగల మధ్య నేలలో బొరియ తవ్వుకుంటుంది. లోతుగా దున్నితే మరుసటి ఏటి ఈగల్లో చాలావరకు ఆ సాలులోనే పోతాయి.

టమాటా తనంతట తానే కాస్తుంది, నిజమే. బయట పొలంలో గాలి ఊపినా పిందె పడుతుంది. కానీ దాని పుప్పొడి కేసరాల గొట్టం లోపల ఉండి, కొసన ఉన్న చిన్న కంతలోంచే రాలుతుంది. తేనెటీగకు దాన్ని రాల్చడం చేతకాదు. తుమ్మెద వచ్చి ఆ గొట్టాన్ని కాళ్లతో వాటేసుకుని, రెక్కలు కదపకుండా రొమ్ము కండరాలను మాత్రం వణికిస్తుంది. ఎగిరేటప్పటి మోత కంటే సన్నగా, పై స్థాయిలో ఒక్క క్షణం జుయ్యిమంటుంది. పసుపు పొడి దాని పొట్ట మీద రాలుతుంది. వంగ పువ్వు దగ్గరా ఇదే పని. 1980ల చివర్లో బంబుల్‌బీలనే పెద్ద బొచ్చు ఈగలను పెట్టెల్లో పెంచి అమ్మడం మొదలయ్యేదాకా, ఐరోపాలోని గాజు ఇళ్లలో కూలీలు వణికే కర్ర పట్టుకుని టమాటా పూలగుత్తులను ఒక్కొక్కటిగా తాకుతూ తిరిగేవాళ్లు. ఈగ లేకపోతే ఆ పనికి కూలి కట్టాలి. విలువ కట్టే రెండో పద్ధతి ఇదే, ఆ పనిని మనుషులతో చేయిస్తే ఎంతవుతుందని చూడటం.

ఆ పద్ధతికి వెనిలా కంటే గొప్ప ఉదాహరణ నాకు కనబడలేదు. మెక్సికో నుంచి తీగను వేరే దేశాలకు పట్టుకుపోయారు. తీగ పెరిగింది, పువ్వు పూసింది, కాయ మాత్రం లేదు. దాని ఈగలు మెక్సికోలోనే ఉండిపోయాయి. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస పిల్లవాడు సన్నని పుల్లతో పువ్వు లోపలి పొరను ఎత్తి, బొటనవేలితో పుప్పొడిని అద్దే ఉపాయం కనిపెట్టాడు. ఈ రోజుకీ ప్రపంచంలోని వెనిలా చాలావరకు అలా ఒక్కో పువ్వునూ చేత్తో తాకితేనే కాస్తుంది. ఆ సుగంధం అంత ఖరీదు కావడానికి ఇదో పెద్ద కారణం.

ఆయిల్‌పామ్ కథ దీనికి తిరగేసినది. ఆ చెట్టు ఆఫ్రికాది. మలేసియా తోటల్లో పిందె సరిగా పట్టక కూలీలతో పుప్పొడి చల్లించేవారు. గాలి వల్లే ఆ చెట్టు కాస్తుందని చాలాకాలం నమ్మారు. పాకిస్తాన్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త రహ్మాన్ సయ్యద్ కామెరూన్‌లో పూలగెలల మీద ముసిరే చిన్న ముక్కుపురుగును గమనించి, అసలు పని చేస్తున్నది అదేనని తేల్చాడు. 1981లో దాన్ని మలేసియాలో వదిలారు. చేత్తో పుప్పొడి చల్లే పని ఆగిపోయింది. ఎవరూ పట్టించుకోని, బియ్యపు గింజంత కూడా లేని పురుగు మీద అంత పెద్ద పరిశ్రమ నడుస్తోంది. నేను ఏ పొలానికి వెళ్లినా ముందుగా పేరు తెలియని చిన్న పురుగులనే చూడటం ఇది తెలిశాకే అలవాటైంది.

ఇక పెట్టెల సంగతి. అద్దె పెట్టెలు వద్దని నేను అనను. మీ పంటకు అవి పనికొస్తాయి. కానీ మొత్తం ఒక్క జాతి మీదే నిలబెట్టడం ప్రమాదం. తేనెటీగల మీద బతికే వరోవా నల్లి పడితే పెట్టెలు ఖాళీ కావచ్చు. మబ్బు పట్టి చల్లగా ఉంటే తేనెటీగ గూడు వదలదు, పెద్ద బొచ్చు ఈగలు ఆ వాతావరణంలోనూ తిరుగుతాయి. ఇంకో విశేషం, అడవి ఈగలుంటే మీరు అద్దె కట్టిన తేనెటీగలు కూడా బాగా పనిచేస్తాయి. కాలిఫోర్నియాలో సంకర పొద్దుతిరుగుడు విత్తనోత్పత్తి పొలాల్లో సారా గ్రీన్‌లీఫ్, క్రెమెన్ చూసింది ఇదే. తేనెటీగ మగ వరుసలోనే తిరుగుతూ ఉండిపోతుంది. అడవి ఈగ వచ్చి ఢీకొంటే కదిలి పక్క వరుసకు, అంటే ఆడ మొక్కల దగ్గరికి పోతుంది. అలా ఒక్కో రాక ఫలితం ఐదు రెట్ల దాకా పెరిగిందని 2006లో రాశారు.

అయితే ఆ ఈగలు ఎక్కడ ఉంటాయి? తేనెటీగలా మైళ్లు ఎగిరే శక్తి చాలా వాటికి లేదు. చిన్న జాతులు గూటి నుంచి రెండు మూడు వందల మీటర్లకు మించి పోవు. ఐదు ఖండాల్లో జరిగిన 23 అధ్యయనాలను టేలర్ రికెట్స్ బృందం 2008లో కలిపి చూస్తే, సహజ ఆవాసం నుంచి సుమారు 600 మీటర్ల దూరానికి పూల మీదికి స్థానిక ఈగల రాక సగానికి పడిపోతోంది. ఇలాంటి ఈగ జాతుల్లో దాదాపు 70 శాతం నేలలోనే గూడు కట్టుకుంటాయి. వాటికి కావలసింది పచ్చిక కాదు. ఎండ తగిలే, దున్నని, గట్టి నేల కావాలి. తుమ్మెదకు ఎండు మోడు, కొన్ని ఒంటరి ఈగలకు బోలు కాడలు. మీ బీడును మీరు వర్ణించిన తీరు చూస్తే, మీ కంటికి పాడుపడ్డట్టు కనబడేవన్నీ వాటికి ఇళ్లే. పంట పువ్వు మూడు నాలుగు వారాలు తిండి పెడుతుంది. మిగతా నెలల్లో వాటిని బతికించేవి ఆ పొదల పూలే.

ఇది భావుకత అనుకోకండి, లాభం చూసుకుని భూమి వదిలిన రైతులు ఉన్నారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టూషీ లోయలో లూసర్న్ గడ్డి విత్తనం పండిస్తారు. ఆ పువ్వు తెరుచుకునేటప్పుడు కేసరం టక్కున లేచి ఈగ తల కింద కొడుతుంది. తేనెటీగ రెండు మూడు దెబ్బలు తిని, పక్కనుంచి మకరందం దొంగిలించడం నేర్చుకుంటుంది. చవుడు నేలలో గూడు కట్టే ఆల్కలీ ఈగ మాత్రం ఆ దెబ్బను లెక్కచేయదు. అందుకే అక్కడి రైతులు మంచి భూమిని పంట వేయకుండా వదిలి, అడుగునుంచి తడి పెట్టి, పైన ఉప్పు చల్లి ఈగల కోసం మడులు కాపాడతారు. అవి నేల మీద తక్కువ ఎత్తులో ఎగురుతాయని ఆ దారుల్లో బళ్లు మెల్లగా పోవాలని బోర్డులు పెట్టారు.

మీ రెండెకరాల పంట పోతుంది కదా అంటారు. ఇంగ్లండ్‌లోని హిల్స్‌డెన్‌లో 900 హెక్టార్ల వాణిజ్య కమతం మీద రిచర్డ్ పైవెల్ బృందం దీన్నే పరీక్షించింది. దిగుబడి తక్కువ ఉండే అంచుల్లో 8 శాతం దాకా భూమిని సాగునుంచి తీసి పూల మొక్కలకు, పొదలకు వదిలారు. కొన్నేళ్ల తరవాత చూస్తే మొత్తం పంట తగ్గలేదు. కీటకాల మీద ఆధారపడే చిక్కుడు జాతి పంటలో పెరిగింది కూడా. మిషిగన్ బ్లూబెర్రీ తోటల పక్కన బ్రెట్ బ్లావ్, రూఫస్ ఐజాక్స్ పూల మొక్కలు వేయించారు. మొదటి రెండేళ్లు ఏ తేడా లేదు, మూడు నాలుగు ఏళ్లలో దిగుబడి పెరిగి పెట్టిన ఖర్చు తిరిగొచ్చింది. దున్నడానికి ఒక్క పూట చాలు. తిరిగి నిలబెట్టుకోవాలంటే మూడు నాలుగేళ్లు. మీ బీడు ఇప్పటికే నిలబడి ఉంది, మీరు కొత్తగా పెట్టాల్సిన ఖర్చేమీ లేదు.

నష్టాలూ చెప్పాలి. పొదల్లో పండుఈగలు, ఎలుకలు, పిట్టలు కూడా చేరతాయి. మీరు కొట్టే మందు గాలికి ఆ పూల మీద పడితే, అది ఈగలను పిలిచి చంపే వల అవుతుంది. పూత మీద, పొద్దున పూట మందు కొట్టే అలవాటు మానకపోతే బీడును ఉంచీ ఫలితం ఉండదు. ఇంకోటి, మీ బీడు ఈగలు మీ గట్టు దగ్గర ఆగవు. పక్క రైతు పంటనూ కాపిస్తాయి, ఆయన మీకు పైసా ఇవ్వడు. అందుకే ఒక్క రైతు పుస్తకంలో చూస్తే బీడు విలువ ఎప్పుడూ అసలు కంటే తక్కువే కనబడుతుంది.

ఇప్పుడు నన్ను కలతపెట్టిన మాట. క్లైన్ పరిశోధనలోనే, ఆయా ప్రాంతాల్లో ఉన్న అడవి ఈగ జాతుల్లో 2 శాతం మాత్రమే, పంట పూల మీద అడవి ఈగలు చేసే రాకల్లో దాదాపు 80 శాతం చేస్తున్నాయని తేలింది. అవి ఎక్కువగా మామూలు జాతులు, కొంచెం గట్టు వదిలితే బతికేవి. అంటే డబ్బు లెక్కతోనే పోతే మిగతా 98 శాతాన్ని వదిలేయొచ్చని ఎవరైనా వాదించొచ్చు. కోస్టారికాలో ఒక కాఫీ తోట పక్కనున్న రెండు అడవి ముక్కల నుంచి వచ్చే ఈగల వల్ల, అడవికి కిలోమీటరు లోపల దిగుబడి 20 శాతం పెరుగుతోందని, తోటకు ఏడాదికి సుమారు 60,000 డాలర్ల లాభమని 2004లో రికెట్స్ బృందమే లెక్కగట్టింది. అడవిని కాపాడటానికి ఇంతకంటే వాదన ఏం కావాలి అనుకున్నాం. కొద్ది కాలానికే కాఫీ ధర పడిపోయింది, ఆ తోటలో అనాస వేశారు. అనాసకు ఈగలు అక్కర్లేదు. ఆ తోటకు ఈగల విలువ సున్నా అయింది. అడవి మాత్రం అదే అడవి, అందులోని ప్రాణులు అవే ప్రాణులు.

కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పూసే మొక్కల్లో సుమారు 87 శాతానికి పుప్పొడి మోయడానికి ఏదో ఒక జీవి కావాలి, ఆ మొక్కల మీద బతికే పిట్టలు, జంతువులు ఎన్నో. వాటి ఉనికిని ఈ ఏడాది పుచ్చ ధరకు ముడిపెట్టడం నాకు ఇష్టం లేదు. అరుదైన జాతుల్ని అవి ఉన్నాయి కాబట్టే కాపాడాలి, దానికి ప్రజల డబ్బు, చట్టం కావాలి. కానీ మీ ముందున్న నిర్ణయం రెండెకరాలది, ఇంట్లో వాళ్లకు మీరు అంకె చూపించాలి. ఆ అంకెను మీరే రాబట్టొచ్చు.

ఈ పూతకు ఇలా చేయండి. పెట్టెలు తెచ్చే ముందే చేయాలి. బీడును ఆనుకున్న వరుసల్లో 60 పుచ్చ తీగలు, బీడుకు అన్నిటికంటే దూరంగా ఉన్న వరుసల్లో 60 తీగలు ఎంచుకోండి. మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గ సాయంత్రం పూట లేత పసుపుగా, కొస వదులుగా కనబడుతుంది. ఒక్కో చోట 20 మొగ్గలకు పల్చటి వలగుడ్డ సంచి కట్టండి, ఏ ఈగా తాకకుండా. ఈగలే లేకపోతే ఎంత వస్తుందో ఇవి చూపిస్తాయి. 20 మొగ్గలను ఊరికే వదిలేయండి. మిగతా 20కి ఈగలు వచ్చినా, మీరు కూడా పొద్దున్నే మగ పువ్వు తెంపి మూడు భాగాల మీదా పుప్పొడి అద్దండి. మూడు రంగుల దారాలు కట్టండి. ఒకే తీగ మీద రెండు రకాలు పెట్టకండి, తీగ తన బలాన్ని ఒక కాయకు ఇచ్చి ఇంకోదాన్ని రాల్చేస్తుంది, లెక్క తప్పుతుంది. కోతకు ఎన్ని నిలిచాయి, బరువెంత, వంకర ఎన్ని, అంతే రాయాలి.

చేత్తో అద్దినవీ ఊరికే వదిలినవీ సమానంగా వస్తే అక్కడ ఈగలు చాలినన్ని ఉన్నట్టు. చేత్తో అద్దినవి బాగా ఎక్కువైతే ఆ తేడాయే మీకు ప్రతి ఏడూ పోతున్న పంట. ఊరికే వదిలినవి దూరపు వరుసల కంటే బీడు పక్క వరుసల్లో ఎంత బాగా వచ్చాయో చూసి, ఆ తేడా బరువు ఒక్కో తీగకు ఎంతో తీసి, బీడుకు దగ్గరగా ఉన్న తీగల సంఖ్యతో, మీకొచ్చే ధరతో గుణించండి. మీ బీడు ఈ పంటకు ఇస్తున్న డబ్బు సుమారుగా అదే. నేల, తడి రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో మాత్రం ముందే చూసుకోండి. రెండెకరాల్లో పుచ్చ వేస్తే వచ్చే నికర ఆదాయం పక్కన ఆ అంకెను పెట్టి చూడండి. వీలైతే పూత ఉన్నన్నాళ్లూ పొద్దున 8 నుంచి 10 మధ్య ఒక్కో వరుస దగ్గర పది నిమిషాలు కూర్చుని, తేనెటీగలు ఎన్ని, తుమ్మెదలు ఎన్ని, చిన్న నల్ల ఈగలు ఎన్ని అని గీతలు పెట్టుకోండి. మబ్బు పట్టిన రోజుల లెక్క విడిగా రాయండి. ఆ రోజుల్లో ఎవరు పనికి వచ్చారో చూస్తే పెట్టెల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో మీకే తెలుస్తుంది.